గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

హోస్ట్: రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు గంటలు. సింగరాయకొండ దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయాం. పక్కన అమ్మ. ఏసీలోంచి వేడిగాలి. మా బావని మైకు ముందు కూర్చోబెట్టాలని ఆ రోజే అనుకున్నా. ఒంగోల్లో ఇరవై ఏళ్లుగా కార్ల ఏసీలు బాగుచేస్తున్నాడు.

బావ: అత్త ఫోన్ చేసి నన్ను తిట్టిన సంగతి చెప్పవేం?

హోస్ట్: (నవ్వు) వస్తా, వస్తా. నాది 2009 మోడల్ బావా. మూడేళ్లుగా ప్రతి వేసవికీ గ్యాస్ పట్టిస్తున్నా.

బావ: తప్పంతా అక్కడే ఉంది. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా కాలిపోయేది కాదురా. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పాత బండి సీళ్ల దగ్గర ఏళ్ల మీద కాస్త తగ్గొచ్చు. ఏటా ఖాళీ అవుతోందంటే లీకే. పోయినసారి ఎంతసేపు పట్టింది?

హోస్ట్: పది నిమిషాలు. గ్యాస్ కొట్టి పంపేశారు.

బావ: వ్యాక్యూమ్ పెట్టలేదన్నమాట, అంటే పంపుతో గొట్టాల్లో గాలంతా లాగెయ్యలేదు. ముందు నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడొస్తుందో చూడాలి. లీకు సరిచేశాక అరగంటైనా వ్యాక్యూమ్ లాగాలి. లేకపోతే గాలీ తేమా లోపలే ఉండిపోతాయి. మెషిన్ ఆపాక గేజీ ముల్లు కదలకుండా నిలబడితేనే గ్యాస్. అదీ తూకం వేసి.

హోస్ట్: నా బండిలో ఎక్కడ దొరికిందో చెప్పు.

బావ: కండెన్సర్లో. అదే, బండి ముందు గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ. బంపర్ తీస్తే కింద మూలన జిడ్డు మరక, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. గ్యాస్‌తో పాటు దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్ ఆయిల్ కూడా కారుతుంది కదా, జిడ్డు కనిపిస్తే ముందు అక్కడే వెతకాలి. నువ్వేమో వారం వారం కొత్తపట్నం బీచ్‌కి పోతావు. ఉప్పుగాలి అల్యూమినియాన్ని ఊరికే వదులుతుందా?

హోస్ట్: మరి బండి పోతుంటే కాస్త చల్లగా, ఆగితే వేడిగా ఉండేది?

బావ: అది రెండో జబ్బు. పోయేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లారుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. నీ ఫ్యాన్ మోటారుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను, అప్పుడు తిరిగింది. బ్రష్‌లు అరిగిపోయాయి.

హోస్ట్: ఒకాయన కంప్రెసర్ మార్చాలన్నాడు బావా. గుండె ఆగినంత పనైంది.

బావ: గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆన్ కానివ్వదు. ఏసీ నొక్కితే ‘టక్’ మని వినపడలేదని అది పోయినట్టేనా? కంప్రెసర్‌ని ఇంజిన్‌తో కలిపే క్లచ్‌కి కరెంటు వస్తోందో లేదో చూడాలి ముందు.

హోస్ట్: ఆన్‌లైన్లో లీకు మూసే డబ్బాలు అమ్ముతున్నారు...

బావ: అది పోసిన బండికి నా మెషిన్ తగిలించను, ఆ జిగురు మెషిన్లోకీ పోతుంది. చెప్పేశా.

హోస్ట్: సరే సరే. లోపలికొచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ పోతే?

బావ: డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. రోజంతా పని. పాత బండిలో ఆ క్లిప్పులు ఎన్ని విరుగుతాయో దేవుడికే తెలియాలి. ఆ ఖర్చొచ్చినప్పుడు బండి ఉంచాలా అమ్మాలా అని మాట్లాడుకుందాం. ఇంతకీ అత్త ఏమంటోంది?

హోస్ట్: నిన్న కావలి పోయొచ్చాం. దారంతా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది.