విండో అంటే కిటికీ ఒక్కటేనా?

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతాను. విండో. ఇందులో మాట్లాడటానికి ఏముంది, కిటికీయే కదా అనిపించవచ్చు. అనువాదాలు చేసేటప్పుడు నన్ను ఎక్కువసార్లు ఆపేసిన మాటల్లో ఇదొకటి, అందుకే ఎంచుకున్నాను.

ముందు ఇది ఎక్కడిదో చూద్దాం. వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో విండౌగా అనే మాట ఉండేది. గాలికి ఒక ముక్క, కంటికి ఒక ముక్క, రెండూ కలిపితే గాలి కన్ను. అప్పట్లో అద్దాలు లేవు, గోడలోనో పైకప్పులోనో ఒక కంత పెట్టేవాళ్లు, దాంట్లోంచి పొగ బయటికి పోవాలి, గాలీ వెలుతురూ లోపలికి రావాలి. అంతకుముందు ఇంగ్లీషువాళ్లకు సొంత మాట లేకపోలేదు, కంటి రంధ్రం అనే అర్థమున్న మాట ఒకటి వాడేవాళ్లు. అది పోయింది కానీ అందులోని రంధ్రం అనే ముక్క నాస్ట్రిల్ అనే మాట చివర ఇప్పటికీ ఉంది, అంటే ముక్కు రంధ్రం.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటి చెప్పాలి. సంస్కృతం నుంచి మనకు వచ్చిన రెండు పాత మాటలు గుర్తు తెచ్చుకోండి. గవాక్షం, అంటే ఆవు కన్ను. వాతాయనం, అంటే గాలి వచ్చే దారి. ఒకదానిలో కన్ను ఉంది, రెండోదానిలో గాలి ఉంది. వైకింగులు ఈ రెండింటినీ ఒకే మాటలో పెట్టుకున్నారు. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు, గోడకు కంత పెట్టిన ప్రతి మనిషికీ తట్టే ఊహలే ఇవి.

లాటిన్‌లో మాత్రం మాట వేరు, ఫెనెస్ట్రా. ఫ్రెంచి, జర్మన్ మాటలు అక్కడివే. ఇంగ్లీషులో అది డాక్టర్ల దగ్గర మిగిలింది, చెవి లోపల ఉండే రెండు చిన్న ద్వారాలను వాళ్లు అలాగే పిలుస్తారు. 1618లో ప్రాగ్ కోటలో ముగ్గురు అధికారులను కిటికీలోంచి కిందకు తోసేసిన ఘటనకు డీఫెనెస్ట్రేషన్ అని పేరొచ్చిందీ ఈ మాటతోనే. ముగ్గురూ బతికారు, కానీ ముప్పై ఏళ్ల యుద్ధం అక్కడే మొదలైంది.

సరే, అసలు చిక్కు గోడలో ఉన్న కిటికీతో కాదు, కంప్యూటర్ తెర మీద కిటికీతోనూ కాదు, ఎందుకంటే అక్కడ విండో అనేస్తే అందరికీ అర్థమవుతుంది. చిక్కు కాలంతో వస్తుంది. లాంచ్ విండో అంటారు. అంగారకుడికి నౌకను పంపాలంటే భూమి, అంగారకుడు ఒకదానికొకటి తగిన చోట్లలో ఉండాలి, అది సుమారు 26 నెలలకు ఒకసారి కుదురుతుంది, కొన్ని వారాలే ఉంటుంది. 2020 జులైలో ఎమిరేట్స్ హోప్, చైనా తియాన్‌వెన్-1, అమెరికా పర్సెవరెన్స్, మూడూ ఒకే నెలలో బయల్దేరాయి, పోటీ పడి కాదు, తలుపు అప్పుడే తెరుచుకుంది కాబట్టి. యూరప్, రష్యా కలిసి పంపాల్సిన ఎక్సోమార్స్ రోవర్ ఆ ఏడాదికి సిద్ధం కాలేదు, అప్పుడు వాయిదా ఒక నెలా రెండు నెలలూ కాదు, ఏకంగా 2022కి వేశారు.

దీన్ని చాలామంది గడువు అని రాస్తారు. నేనూ రాశాను. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. గడువుకు ఒకే అంచు ఉంటుంది, ఆ తేదీ లోపు ఎప్పుడు చేసినా సరే, ఎంత ముందు చేస్తే అంత మంచిది. విండోకు రెండు అంచులు. తొందరపడి ముందే పంపినా పని జరగదు, ఆలస్యం చేసినా జరగదు. మందుల్లోనూ ఇంతే. గుండెకు వాడే డిగాక్సిన్ లాంటి మందుకు థెరప్యూటిక్ విండో చాలా ఇరుకు అంటారు, మోతాదు కాస్త తగ్గితే పని చేయదు, కాస్త పెరిగితే విషమవుతుంది. ఇక్కడ కాలం కూడా లేదు, మోతాదుకు రెండు అంచులున్నాయి, అంతే.

స్లాట్‌తో కూడా కలిపేయకండి. స్లాట్ అంటే పది గంటలకు మీ వంతు, అది మీ ఒక్కరిదే. విండో అంటే పది నుంచి పన్నెండు మధ్య ఎప్పుడైనా.

మరి తెలుగులో ఏమనాలి? కాలం సంగతి వచ్చినప్పుడు మనకు బంగారం లాంటి మాట ఉంది, అదను. విత్తనం అదను రాకముందు వేసినా దండగే, అదను దాటాక వేసినా దండగే. రెండు అంచులూ ఉన్నాయి చూశారా! విండో ఆఫ్ ఆపర్చునిటీ అని కనిపించినప్పుడు అవకాశాల కిటికీ అని రాయడం చూస్తే బాధేస్తుంది, అదను అని మూడక్షరాల్లో అయిపోయేదాన్ని.

అన్నిచోట్లా అదను కుదరదు, అదీ చెప్పాలి. హెచ్‌ఐవీ పరీక్షల్లో విండో పీరియడ్ అంటే వైరస్ ఒంట్లోకి వచ్చాక పరీక్షలో ఇంకా బయటపడని కాలం. అది మంచి సమయం కాదు, పరీక్ష కన్నుగప్పి వైరస్ దాటిపోయే సందు. ఒక కరపత్రంలో దాన్ని కిటికీ కాలం అని వేశారు. చదివినవాళ్లకు ఏం తెలుస్తుంది? ఇలాంటిచోట విండో పీరియడ్ అనే ఉంచి, పక్కనే ఒక వాక్యంలో విడమరిచి చెప్పాలి. నెగెటివ్ వచ్చినా కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలని ఆ మనిషికి తెలియడం మనకు ముఖ్యం, మాట అందం కాదు.

ఇంకొకటి నాకు ఇప్పటికీ తేలలేదు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. దీన్నీ విండో అంటారు. గడువు అని రాస్తే ఇంకా రెండు గంటలుంది కదా అని ఇంట్లోవాళ్లు ఆగిపోతారేమో అని నాకు భయం, ఎందుకంటే నిమిషం నిమిషానికీ మెదడు దెబ్బతింటూనే ఉంటుంది, మందు చేసే మేలు తగ్గిపోతూనే ఉంటుంది. ఇంగ్లీషులో విండో ఇరుకైపోతోంది అంటే ఆ తొందర వినిపిస్తుంది. అదను దాటుతుంది, తప్పుతుంది, కానీ తెలుగులో అదను ఇరుకు కాదు. ప్రస్తుతానికి వ్యవధి కరిగిపోతోంది అని రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఇంతకంటే మంచి మాట తోస్తే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.