థిక్‌నర్ కొనేముందు సరఫరాదారును ఏమడగాలి?

[దృశ్యం: బల్లపై రెండు నూలు గుడ్డ ముక్కలు. రెండింటిపైనా ఒకే ఎర్ర పువ్వు.]

నమస్కారం. ఈ రెండు ముక్కలనూ ఒకే స్క్రీన్‌తో, ఒకే రియాక్టివ్ రంగుతో అద్దాను. ఆవిరి పట్టిందీ, ఉతికిందీ ఒకేలాగ. ఎడమవైపు ముక్కను చేతిలోకి తీసుకుంటే మామూలు గుడ్డలాగే మెత్తగా ఉంది. కుడివైపు ముక్కలో పువ్వు పడిన మేర అట్టలా బిగిసిపోయింది. మడిచి వదిలితే మడత అలాగే నిలిచిపోతోంది. ఎరుపు కూడా వెలవెలబోయింది.

[దగ్గరి దృశ్యం: బొటనవేలితో రెండు పువ్వులనూ రుద్దడం.]

తేడా రంగులో లేదు, రంగును మోసిన ముద్దలో ఉంది. ఆ ముద్దను చిక్కబరిచేదే థిక్‌నర్. ఎడమదానికి సోడియం ఆల్జినేట్ వాడాను, కుడిదానికి స్టార్చ్.

ఎందుకిలా జరిగింది? నూలులోని సెల్యులోజ్‌కు ఉండే హైడ్రాక్సిల్ సమూహాలను పట్టుకొని నిలిచేటట్టు రియాక్టివ్ రంగును తయారుచేస్తారు. స్టార్చ్ కూడా సెల్యులోజ్‌కు దగ్గరి చుట్టమే, దానికీ ఆ సమూహాలున్నాయి. కాబట్టి రంగు గుడ్డనూ పట్టుకుంటుంది, స్టార్చ్‌నూ పట్టుకుంటుంది. స్టార్చ్‌ను పట్టుకున్న రంగులో కొంత ఉతుకులో కొట్టుకుపోతుంది, మిగిలింది గుడ్డ మీదే పొరలా గట్టిపడుతుంది. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ సంగతి వేరు. స్టార్చ్‌లో అన్నిటికన్నా చురుగ్గా చర్య జరిపే ప్రాథమిక హైడ్రాక్సిల్ ఉండే చోట ఆల్జినేట్‌లో కార్బాక్సిల్ సమూహం ఉంటుంది. దాని మీద రుణావేశం ఉంటుంది, రంగు మీద ఉన్నదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. రంగు నేరుగా నూలులోకి వెళ్తుంది, ఆల్జినేట్ నీళ్లలో కలిసి వెళ్లిపోతుంది.

అద్దేటప్పుడు ఉండాలి, ఉతికేటప్పుడు పోవాలి. థిక్‌నర్ నుంచి మనం కోరేది ఇదే. సరఫరాదారుతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్కమాట మనసులో పెట్టుకోండి.

[దృశ్యం: ఖాళీ కాగితం, దానిపై చేతిరాత.]

అందుకే ఫోను చేసి “థిక్‌నర్ కిలో ఎంత?” అని అడిగితే లాభం లేదు. ముందు మీ పని గురించి మీరే చెప్పండి: ఏ గుడ్డ, ఏ తరగతి రంగు, చదును స్క్రీనా, గొట్టంలా గుండ్రంగా తిరిగే రోటరీనా, రంగును ఆవిరితో స్థిరపరుస్తారా పొడి వేడితోనా, చివర ఉతుకుతారా లేదా. ఈ వివరాలు వినకుండానే ధర చెప్పేసే సరఫరాదారును నేను నమ్మలేను. తిరిగి ప్రశ్నలు వేసేవారు దొరికితే వదులుకోకండి.

పాలియెస్టర్‌పై డిస్పర్స్ రంగులు వాడేవారికి దారులు ఎక్కువ. గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ గమ్ రకాలు, చింతగింజల పిండి నుంచి చేసినవి, సీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్), ఆల్జినేట్, అన్నీ వాడుకలో ఉన్నవే. పట్టు, ఉన్నిపై యాసిడ్ రంగులకు కూడా సాధారణంగా గ్వార్ రకాలే తీసుకుంటారు.

పిగ్మెంట్ అద్దకం, అంటే నీటిలో కరగని రంగును జిగురుతో గుడ్డకు అంటించే పద్ధతి, దగ్గర కాస్త ఆగాలి. అక్కడ సాధారణంగా ఉతుకే ఉండదు, ముద్దలో వేసిన ఘనపదార్థమంతా గుడ్డ మీదే ఉండిపోతుంది. కాబట్టి చాలా కొద్ది మోతాదుతోనే చిక్కబడేది కావాలి. ఒకప్పుడు కిరోసిన్, నీళ్లు కలిపి చిలికిన ఎమల్షన్ వాడేవారు. ఆరబెట్టినప్పుడు ఆ కిరోసిన్ అంతా ఆవిరై గాలిలో కలిసేది. దాని చోటులోకి కృత్రిమ అక్రిలిక్ థిక్‌నర్లు వచ్చాయి. ఒకటి రెండు శాతం వేస్తే చాలు, ముద్ద నిలబడుతుంది. అయితే వీటికి ఉప్పు గిట్టదు. నీటిలో గానీ రంగులో గానీ లవణాలుంటే చిక్కదనం చప్పున పడిపోతుంది. ద్రవరూపంలో వచ్చే రకాల్లో చాలావాటికి ఖనిజ నూనె ఆధారం. వేడిలో పెట్టినప్పుడు వాసన, పొగ వస్తాయా అని ముందే అడగండి.

[దృశ్యం: సాంకేతిక వివరాల పత్రం. స్నిగ్ధత అంకె చుట్టూ ఎర్రని వలయం.]

ఇప్పుడు సరఫరాదారు పంపే పత్రం చూద్దాం. స్నిగ్ధత, అంటే చిక్కదనం, అని ఒక అంకె ఉంటుంది. పక్కన ఇంకేమీ రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఎన్ని శాతం ద్రావణం, ఎంత ఉష్ణోగ్రత, చిక్కదనం కొలిచే విస్కోమీటర్‌లో ఏ స్పిండిల్ (ముద్దలో తిరిగే కడ్డీ), నిమిషానికి ఎన్ని చుట్లు, ఇవన్నీ ఉండాలి. ఈ ముద్దలు కదిలిస్తే పలచబడతాయి, వదిలేస్తే మళ్లీ చిక్కబడతాయి. ఆ గుణం ఉండబట్టే స్క్వీజీ (రంగును నెట్టే పలక) లాగినప్పుడు రంగు స్క్రీన్ రంధ్రాల్లోంచి దిగి, గుడ్డ మీద గీత దాటకుండా ఆగుతుంది. అందువల్లే ఒకే ముద్దను 20 చుట్ల వేగంతో కొలిస్తే ఒక అంకె, 100 చుట్లతో కొలిస్తే అంతకంటే చాలా తక్కువ అంకె వస్తుంది. ఇద్దరు సరఫరాదారుల పత్రాలను పోల్చాలంటే కొలిచిన తీరు ఒకటే అయి ఉండాలి.

ధర సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఒక పొడి కిలో 100 అనుకుందాం, ఇంకొకటి 80. రెండోది చవకగా కనిపిస్తుంది. మీకు కావలసిన చిక్కదనం రావడానికి మొదటిది నాలుగు శాతం చాలు, రెండోది ఆరు శాతం పడుతుంది. అప్పుడు 100 కిలోల ముద్దకు మొదటిదాని ఖర్చు 400, రెండోదాని ఖర్చు 480. కాబట్టి కిలో పొడి ధర కాకుండా కిలో ముద్ద ధర లెక్కవేయండి.

అలాగని ఎక్కువ పొడి పట్టేదల్లా చెడ్డది కాదు. ఆల్జినేట్‌లోనే తక్కువ స్నిగ్ధత గలవి ఎనిమిది, పది శాతం దాకా పడతాయి, ఎక్కువ స్నిగ్ధత గలవి మూడు, నాలుగు శాతంతో సరిపోతాయి. సన్నని గీతల డిజైన్‌కు ఘనపదార్థం ఎక్కువున్న ముద్దే అంచును శుభ్రంగా నిలుపుతుంది. మీ డిజైన్‌కు ఏది కావాలో తేల్చుకున్నాకే ధరలు పోల్చండి.

[దగ్గరి దృశ్యం: గాజు పాత్రలో పారదర్శకంగా ఆల్జినేట్ ద్రావణం. డ్రాపర్‌తో ఒక్కో చుక్క.]

ఇది ఆల్జినేట్ ద్రావణం, తేనెలా జారుతోంది. ఇందులో కాల్షియం క్లోరైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తున్నాను. చూడండి, చుక్క పడిన చోటే సగ్గుబియ్యం గింజలా గడ్డకట్టింది. గరిటెతో ఎంత తిప్పినా కరగదు. కఠిన జలంలో ఉండేదీ కాల్షియమే. సరఫరాదారు ప్రయోగశాలలో శుద్ధిచేసిన నీటితో పరీక్షించి పంపిన పొడి మీ బోరు నీటిలో ఉండలు కట్టవచ్చు. అందుకే నమూనాను మీ నీటితోనే కలిపి చూడాలి. నీరు కఠినమైతే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేయాలి, అది కాల్షియాన్ని కట్టిపడేస్తుంది. ఎంత వేయాలో మీ నీటి కాఠిన్యాన్ని బట్టి సరఫరాదారే చెప్పగలగాలి.

నమూనా కనీసం ఒక కిలో అడగండి, యాభై గ్రాములతో ఏమీ తేలదు. మీ పూర్తి వంటకంతో, అంటే యూరియా, సోడా, రంగు అన్నీ వేసి ముద్ద కలపండి. వెంటనే స్నిగ్ధత కొలవండి, 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి. బాగా పడిపోయి పుల్లటి వాసన వస్తే సూక్ష్మజీవులు చేరినట్టే. అందులో ఏ సంరక్షకం ఉందో, ఫార్మాల్డిహైడ్ ఉందా అని అడగండి. తర్వాత ద్రావణాన్ని సన్నని వలగుడ్డలో వడకట్టండి.

[దగ్గరి దృశ్యం: వలగుడ్డపై గోధుమరంగు నలకలు.]

ఇవి గ్వార్ లాంటి గింజల పొడిలో వచ్చే పొట్టు నలకలు. కంటికి చిన్నవే, కానీ రోటరీ స్క్రీన్ రంధ్రంలో ఒక్కటి ఇరుక్కుంటే ప్రతి చుట్టుకూ గుడ్డ మీద ఒకే చోట తెల్లచుక్క పడుతుంది. వందల మీటర్లు నడిచాక ఎవరో గమనిస్తారు.

తేమ కూడా చూడాలి. ఈ పొడులన్నీ గాలిలోని తడిని పీలుస్తాయి. కొద్దిగా తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా ఉండేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గినదంతా మీరు పొడి ధరకు కొన్న నీరు. తేమ ఎంతవరకు ఉండవచ్చో ఒప్పందంలో రాయించుకోండి. విదేశాలకు గుడ్డ పంపేవారు భద్రతా పత్రంతో పాటు, కొనుగోలుదారు అడిగే జీఓటీఎస్ (సేంద్రియ వస్త్రాల ప్రమాణం) లేదా జెడ్‌డీహెచ్‌సీ (హానికర రసాయనాలను తొలగించే కార్యక్రమం) ఆమోద పత్రాలు ఈ సరుకుకు ఉన్నాయో లేదో ఆర్డరుకు ముందే తీసుకోవాలి.

ఇక నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఒకసారి నమూనా అద్భుతంగా వచ్చింది, మొదటి సరుకూ బాగుంది. రెండో సరుకుతో అద్దిన గీతలు పక్కకు పాకాయి. స్క్రీన్‌ను అనుమానించాం, స్క్వీజీ మార్చాం, ఒత్తిడి తగ్గించాం. మధ్యాహ్నానికి గానీ పాత పొడి, కొత్త పొడి పక్కపక్కన కలిపి చూడాలని తోచలేదు. కొత్తది స్పష్టంగా పలచన. నాచైనా గింజైనా పంట, ఒక్కో కోతలో ఒక్కో తీరు. వేర్వేరు లాట్లను, అంటే ఒక్కో విడతలో తయారైన సరుకును, కలిపి చిక్కదనాన్ని సమం చేసి పంపడం సరఫరాదారు బాధ్యత. దాన్ని ఎలా చేస్తారో అడగండి. గత కొన్ని లాట్ల పరీక్షా ఫలితాలు చూపించమనండి. ప్రతి సరుకుతోనూ ఆ లాట్ పరీక్షా పత్రం రావాలని, ఇంత శాతం మించి తేడా వస్తే వెనక్కి పంపుతామని ఆర్డరులోనే రాయండి.

[దృశ్యం: గాలి చొరని గాజు సీసాలో పొడి. మూతపై చీటీ అతికిస్తున్న చేయి.]

మీరు ఆమోదించిన మొదటి లాట్ నుంచి ఇలా అరకిలో తీసి మూత బిగించండి. చీటీ మీద లాట్ నంబరు, తేదీ, మీ నీటిలో వచ్చిన స్నిగ్ధత రాయండి. కొత్త సంచి వచ్చిన ప్రతిసారీ, దాన్ని గిడ్డంగిలోకి దించకముందే, ఈ సీసాలోంచి కొద్దిగా తీసి రెండూ పక్కపక్కన కలపండి.