భీమిలి సెలవులు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

వేసవి సెలవుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు సెలవులంటే భీమిలి, మా అమ్మమ్మగారి ఊరు. 1970ల్లో పరీక్షలు అయిన మర్నాడే బస్సెక్కేసేవాళ్ళం. 1861లోనే మున్సిపాలిటీ అయినా, మా చిన్నప్పుడు అది కునుకు తీస్తున్నట్టుండే ఊరు. దీపస్తంభం, డచ్చివాళ్ళ పాత సమాధులు, బొర్రా గుహల మీదుగా వచ్చి సముద్రంలో కలిసే గోస్తని. ఆ కలిసే చోట నీళ్ళు లాగేస్తాయని అమ్మమ్మ మమ్మల్ని అటు వెళ్ళనిచ్చేది కాదు.

వెళ్ళనిచ్చేది అలివి వల దగ్గరికి. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, నావలో వల వేసుకుంటూ అర్ధచంద్రంలా చుట్టి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు రెండు తాళ్ళూ లాగుతూ మెల్లగా దగ్గరికి జరుగుతాయి. గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వరస చివర పిల్లలం మేమూ పట్టేవాళ్ళం. "ఏలేలో" అని ముందున్నాయన ఎత్తుకుంటే "హైలెస్సా" అంటూ మడమలు ఇసకలో దిగేసి వెనక్కి వాలాలి. తడి తాడు, దానికి అంటిన ఇసుక, అరచేతులు భగభగ మండేవి. మేం లాగబట్టే వల వస్తోందని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళం.

చివరికి వల సంచి ఒడ్డెక్కేది. లోపల అంతా ఒకటే మెరుపు, టపటపా చప్పుడు. నెత్తళ్ళు, కవళ్ళు, మధ్యలో ఓ పీత. పెద్దాయన "ఒరే బాబూ, చొక్కా పట్టు" అని దోసెడు నెత్తళ్ళు పోసేవాడు. అది బిచ్చం కాదు, మా వాటా. నా జీవితంలో మొదటి కూలి అదే. తర్వాత అందుకున్న ఏ జీతమూ అంత బరువుగా అనిపించలేదు. అమ్మమ్మ వాటిని బూడిద రాసి శుభ్రం చేసి, పచ్చిమామిడికాయ ముక్కలేసి వండేది. ఆ పులుపు వేసవిలోనే దొరుకుతుంది.

గాలి సంగతి కూడా నాకు అక్కడే తెలిసింది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది, గాలి సముద్రం వైపు వీస్తుంది. తెల్లారకముందే ఆ గాలితో తెరచాపలు వెళ్ళిపోయేవి. ఎండెక్కి నేల కాగాక గాలి ఇటు తిరుగుతుంది, దాంతో ఇంటికొచ్చేవి. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు నాకు కళ్ళ ముందు తెరచాపలే కనిపించాయి.

ఇప్పుడు పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్తున్నాం, ఐస్‌క్రీమ్ కొనిస్తున్నాం, ఫొటో తీస్తున్నాం. సంతోషమే. కానీ ఎక్కడైనా వల లాగుతుంటే దయచేసి వాళ్ళని అక్కడ ఆపండి. అడిగి తాడు పట్టించండి. సముద్రం మీద బతికే మనుషులు పక్కన లేకపోతే పిల్లలకి అందులో నీళ్ళే కనిపిస్తాయి.

జూన్‌లో తిరుగు ప్రయాణం. అమ్మమ్మ ఎండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి, పైన గుడ్డ కట్టి నా సంచిలో పెట్టేది. బస్సంతా ఆ వాసనే. బడి తెరిచాక కొత్త పుస్తకాలు ఆ సంచిలోనే తీసుకెళ్ళేవాణ్ణి. క్లాసులో ఎవరూ చూడకుండా లెక్కల పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. జులై దాకా అందులో భీమిలి ఉండేది.