ఫస్టియర్‌లో మనిషి శరీరం, వ్యాపారం: రెండు కోర్సులూ చదివిన అక్క రివ్యూ

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. వెనక నూనెలో బజ్జీలు వేగే చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మా నాయన హోటల్ పక్క గదిలో కూర్చుని రికార్డ్ చేస్తున్నా.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి ఒకటే మెసేజ్: "అక్కా, డిగ్రీలో బయాలజీ తీసుకోవాలా, కామర్స్ తీసుకోవాలా? ఏది ఈజీ?" నాది బయాలజీ మేజర్, కామర్స్ మైనర్. మనిషి శరీరం గురించి మొదట చెప్పే కోర్సులో కూర్చున్నా, వ్యాపారం గురించి మొదట చెప్పే కోర్సులోనూ కూర్చున్నా. రెండింటికీ పరీక్ష రాశా. సంగతి ముందే చెప్పేస్తా. కష్టం అనుకున్నది చేతికి అందింది. ఈజీ అనుకున్నది నిండా ముంచింది.

మొదట శరీరం. సిలబస్ చూడగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. జీర్ణక్రియ, రక్తప్రసరణ, శ్వాస, విసర్జన, నాడులు, హార్మోన్లు. ఇక ఎముకలంటారా, పెద్దవాళ్ల ఒంట్లో 206, ప్రతిదానికీ ఓ పేరు. అయితే ఆ పేర్లు చాలావరకు ముక్కలు కలిపి కుట్టిన బొంతలాంటివి. నెఫ్రో అంటే కిడ్నీ. హెపటో అంటే కాలేయం. కార్డియో అంటే గుండె. చివర ఐటిస్ అని ఉంటే వాపు. ఇప్పుడు నెఫ్రైటిస్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు కదా? ఇలాంటివి ఓ నలభై ముక్కలు మొదటి రెండు వారాల్లో నేర్చేసుకోండి, పుస్తకం సగం దారికి వస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చాం, ఇంగ్లీషు పదాలు ఎలాగక్కా అని అడిగేవాళ్లకు ఒక్క మాట. స్కూల్ పుస్తకంలో కిడ్నీని వృక్కం అని చదువుకున్నాం. మీ ఇంట్లో ఎవరైనా ఏనాడైనా వృక్కం అన్నారా? అదీ బట్టీ పట్టిందే. ఇదీ అంతే.

ఈ కోర్సులో నాకు బాగా నచ్చింది కిడ్నీ పాఠం. రెండు కిడ్నీలూ కలిసి రక్తంలోంచి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవం వడకడతాయి. మేడమ్ బోర్డు మీద 125 రాసి, గంటకెంత, రోజుకెంత అని మా చేతే లెక్క వేయించారు. 180 లీటర్లు వచ్చింది. క్లాసంతా నిశ్శబ్దం. నేను ఇంటికొచ్చి హోటల్లో ఉన్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు చూశా. తొమ్మిది క్యాన్లు! అంత వడకట్టి, బయటికి పంపేది లీటరున్నర చిల్లర. మిగతా 99 శాతం మళ్లీ రక్తంలోకే. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడకట్టే సన్న గొట్టాలు, ఉండేది ఈ పని కోసమే. మే నెలలో మిట్టమధ్యాహ్నం క్లాక్ టవర్ దగ్గర ఆటో కోసం అరగంట నిలబడండి. ఆ చెమటకు ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు కింద ఉన్న పిట్యూటరీ నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. నీళ్లు బయటికి పోనీయొద్దని కిడ్నీలకు అదే చెబుతుంది. అందుకే ఆ రోజు మూత్రం తక్కువగా, చిక్కగా, పసుపుగా వస్తుంది. ఒక్కసారి అర్థమైతే మర్చిపోయే పాఠం కాదు. పరీక్షలో ఇదే వచ్చింది, రెండు పేజీలు రాశా.

ప్రాక్టికల్స్ కూడా బాగుంటాయి. బ్లడ్ గ్రూప్ టెస్ట్‌లో మన రక్తం చుక్కలు స్లైడ్ మీద పెట్టి, ఏ, బీ, డీ అని మూడు రకాల యాంటీసీరాలు, అంటే గ్రూప్ పట్టిచ్చే మందు చుక్కలు, ఒక్కోదానికి ఒక్కోటి కలుపుతారు. ఏ చుక్క గడ్డలు కట్టిందో చూసి గ్రూప్ చెప్పాలి. నాది డీ చుక్క ఒక్కటే గడ్డకట్టింది, ఓ పాజిటివ్. తర్వాత సాలీ పద్ధతిలో హిమోగ్లోబిన్. రక్తాన్ని ఆసిడ్‌లో కలిపితే గోధుమరంగు వస్తుంది, పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా నీళ్ల చుక్కలు వేస్తూ పోవాలి. నాకు పదిన్నర వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది. పక్కరోజే ఆసుపత్రికి వెళ్లి మళ్లీ టెస్ట్ చేయించుకున్నా. ఏ కోర్సు చేస్తుందండీ ఇలాంటి పని?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇదిగో, ఇది నా రికార్డ్. ఈ గుండె బొమ్మ మూడుసార్లు వేయించారు, షేడింగ్ బాగాలేదట. నాలుగు గదుల్లో ఎడమ కింది గది గోడ ఎందుకు మందంగా ఉంటుందో మాత్రం ఎవరూ అడగలేదు. ఒళ్లంతటికీ రక్తం తోయాల్సింది అదే కాబట్టి! ఇంకో లోపం నాకు బాగా గుచ్చుకుంది. ఎముకల పాఠంలో కాల్షియం ఉంది, ఫాస్ఫరస్ ఉంది, ఫ్లోరైడ్ మాటే లేదు. మన జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోవాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చని మన తాగునీటి ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు, తర్వాత కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం. మా అవ్వ నిటారుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. ముసలితనం అనుకున్నాం. ఈ పాఠం మన ఊళ్లో కాకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

సరే, ఇప్పుడు వ్యాపారం. మొదటి వారం నేను క్లాసులో నవ్వుకుంటూ కూర్చున్నా. లాభం, పెట్టుబడి, భాగస్తుడు, మార్కెట్... ఇవన్నీ తెలిసిన మాటలే కదా, మా ఇల్లే హోటలాయె. మొదటి ఇంటర్నల్‌లో సగం మార్కులు కూడా రాలేదు. చిక్కంతా అక్కడే ఉంది. మాటలు తెలిసినవే, వాటి అర్థాలు మాత్రం వేరు. ఆస్తులు ఒక వైపు, అప్పులు ఒక వైపు రాసే బ్యాలెన్స్ షీట్‌లో ఓనర్ పెట్టిన క్యాపిటల్ అప్పుల వైపు ఉంటుంది. మా నాయన డబ్బు మా నాయన హోటల్‌కు అప్పెట్లా అవుతుంది? ఎందుకంటే లెక్కల్లో హోటల్ వేరు, మా నాయన వేరు. మా నాయన గల్లాపెట్టెలోంచి ఇంటి కూరగాయలకు తీసే రెండొందలు హోటల్ ఖర్చు కాదు, డ్రాయింగ్స్, అంటే ఓనర్ సొంతానికి తీసుకున్న డబ్బు. ఈ ఒక్క ముక్క ఎక్కితే తర్వాత దారి సాఫీ. ఎక్కకపోతే సెమిస్టరంతా డెబిట్, క్రెడిట్ అని తల కొట్టుకోవడమే.

చెప్పే తీరు మాత్రం చప్పగా ఉంది. ఉదాహరణలన్నీ అమెరికా కూల్‌డ్రింక్ కంపెనీలవి. ఇక్కడే మార్కెట్ యార్డులో చీనీకాయల వేలం జరుగుతుంది. దలారి కమీషన్ ఉంది, టన్నుకు ఇంత అని సూట్ పేరుతో తూకంలో కోసే పద్ధతి ఉంది. ధర ఎలా తేలుతుందో చెప్పడానికి అంతకంటే మంచి పాఠం దొరుకుతుందా? మేం కొన్న గైడ్ ఇంకా దారుణం. సూక్ష్మ పరిశ్రమ అంటే యంత్రాల మీద 25 లక్షల పెట్టుబడి అని ఉంది. అది 2006 చట్టం నాటి మాట. 2020లో మారింది, 2025 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ మారింది. ఇప్పుడు పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్, అంటే ఏడాది అమ్మకాలు, 10 కోట్ల దాకా సూక్ష్మమే. గైడ్ కొనేముందు ఆ పేజీ ఒక్కటి తిప్పి చూడండి, పుస్తకం ఎంత పాతదో తెలిసిపోతుంది.

పార్ట్‌నర్‌షిప్ పాఠం చదువుతుంటే మాత్రం నాకు మా మామ గుర్తొచ్చాడు. స్నేహితుడితో కలిసి బోరు బండి కొన్నాడు, పెట్టుబడిలో మూడింట రెండొంతులు మామదే, కాగితం ముక్క లేదు. విడిపోయేటప్పుడు అవతలి మనిషి సగం లాభం అడిగాడు. పెద్దమనుషులు అన్యాయం అన్నారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏమంటుందో తెలుసా? వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానమే, ఎవరెంత పెట్టారన్నది లెక్కలోకి రాదు. రిజిస్టర్ చేయని ఫర్మ్ అయితే బోరు వేయించుకుని డబ్బు ఎగ్గొట్టినవాడి మీద కోర్టులో దావా వేయడానికి కూడా వీల్లేదు. పాఠంలో ఈ రెండూ చెరో లైను. క్లాసులో చదివేసి ముందుకు పోయారు.

నాకు కోర్సు మీద గౌరవం వచ్చింది బ్రేక్ ఈవెన్ దగ్గర, అంటే లాభమూ నష్టమూ లేకుండా ఖర్చులు సరిపోయే చోటు. హోటల్ అద్దె రోజుకు 300, పనికొచ్చే మనిషికి 500, కరెంటు, నీళ్లు 100. మొత్తం 900. ఉగ్గాని బజ్జి ప్లేటు 40 రూపాయలు. బొరుగులు, పప్పుల పొడి, నూనె, మిరపకాయలు, గ్యాస్ కలిపి ప్లేటుకు 25. మిగిలేది 15. 900ని 15తో భాగిస్తే 60 ప్లేట్లు. మా నాయనకు చూపించా. "అంటే అరవయ్యో ప్లేటు దాకా నేను అద్దెకూ కూలికీ పని చేస్తున్నట్టా?" అన్నాడు. అదే నాయనా. నూనె ధర పెరిగి ఖర్చు 25 నుంచి 28 అయితే? మిగిలేది 12, కావాల్సింది 75 ప్లేట్లు. మూడు రూపాయలకు పదిహేను ప్లేట్ల తేడా! ఇందులో మా నాయన సొంత కష్టానికి రూపాయి కూడా కట్టలేదని గమనించారా? ఆ ప్రశ్న నేను క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

మార్కులు వేయమంటే శరీరం కోర్సుకు ఐదుకు నాలుగు. వ్యాపారం పాఠాలకు నాలుగు, మాకు చెప్పిన తీరుకు రెండు. రోజూ ఓ గంట కూర్చుని చదివే ఓపిక ఉంటే శరీరం తీసుకోండి, నెమ్మదిగా ఎక్కుతుంది. వ్యాపారం తీసుకుంటే ఇంట్లోనో వీధిలోనో ఓ అంగడి లెక్కలు పట్టుకుని ప్రతి పాఠం దాని మీద వేసి చూడండి, ఒట్టి గైడ్‌తో కూర్చుంటే నా ఇంటర్నల్ మార్కులే మీకూ వస్తాయి.

మా నాయన ఇప్పుడు పొయ్యి వెనక గోడ మీద సుద్దతో 60 అని రాసుకున్నాడు. పోయిన వారం నూనె డబ్బా కొన్నాక అది కొట్టేసి 75 రాశాడు. పిలుస్తున్నాడు, ప్లేట్లు అందించాలి. ఉంటా మరి.