ఫెళ్ళున విరగాలి: ఇంట్లో మసాలా పొడులు, పుట్టగొడుగుల పొడి

అందరికీ నమస్కారం. ఇంట్లో పొడులు కొట్టుకోవడం గురించి మాట్లాడమని పిలిచారు. పుట్టగొడుగుల పొడి సంగతి తప్పకుండా చెప్పమన్నారు. కారం, ధనియాల పొడి, సాంబారు పొడి మీలో చాలామందికి చేయి తిరిగిన పనులే. పుట్టగొడుగుల పొడి మాత్రం మన వంటిళ్లకు కొత్త. అయినా రెండింటినీ కలిపే చెబుతాను. ఎందుకంటే రెండింటి మంచిచెడ్డలూ తేలేది మిక్సీలో కాదు, సరుకు మిక్సీ దాకా రాకముందే. పొడి ఉండకట్టిందన్నా, నెల తిరక్కుండానే వాసన పోయిందన్నా, జల్లెడలో సగం అలాగే మిగిలిపోయిందన్నా నేను మొదట అడిగేది ఒక్కటే: సరుకు ఎంత ఎండింది?

తాజా పుట్టగొడుగులో నూటికి తొంభై పాళ్లు నీరే. కిలో పుట్టగొడుగులు పూర్తిగా ఎండితే చేతికి వచ్చేది వంద గ్రాములు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. కళ్లెదుటే అంత సరుకు అలా తరిగిపోతుంటే ఎవరికైనా బాధగానే ఉంటుంది. అందుకే చాలామంది పైపైన ఎండగానే, తోలులా సాగుతున్నప్పుడే తీసి డబ్బాలో పోస్తారు. తడి లోపలే ఉండిపోతుంది. అలాంటి ముక్కలను మిక్సీలో వేస్తే బ్లేడు చుట్టూ పీచులా చుట్టుకుంటాయి తప్ప పొడి కావు. ఒకవేళ అయినా వారం తిరిగేసరికి బూజు వాసన మొదలవుతుంది. ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచి చూడండి. వంగితే ఎండలేదు. ఫెళ్ళున విరిగితేనే ఎండినట్టు. ముక్క అంచు కాదు, కాడ దగ్గర మందంగా ఉన్న చోట విరిచి చూడాలి.

మొదటి నుంచీ చెబుతాను. మన ప్రాంతంలో సులువుగా దొరికేవి మూడు రకాలు: బటన్, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగు. వీటిలో ఎండబెట్టడానికి ముత్యపు చిప్పే అన్నిటికన్నా మేలు. దాని గొడుగు పలచగా ఉంటుంది, చేత్తో నిలువుగా చీల్చుకోవచ్చు. మన వేడికి తట్టుకుని పెరిగే పాల పుట్టగొడుగు కండ గట్టిగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన కోసుకోవాలి. బటన్ రకం కోసిన కాసేపటికే గోధుమ రంగుకు తిరుగుతుంది. అది పాడవడం కాదు, కోసిన వంకాయ నల్లబడినట్టు గాలి తగిలి జరిగే మార్పే. పొడి రంగు ముదురుగా వస్తుంది, రుచికి లోటేమీ రాదు. పుట్టగొడుగులను నీళ్లలో నానబెట్టకండి. మట్టి అంటితే ధారగా పడే నీటి కింద చప్పున కడిగి, బట్ట మీద ఆరబోసి, ఆ తర్వాత కోయండి.

ఎండలో పెట్టేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పైన పలచటి బట్ట కట్టండి. పుట్టగొడుగు కింది భాగంలో ఉండే రేకులు ఆకాశం వైపు ఉండేలా తిప్పి పెట్టండి. రేకుల వైపు నుంచి తడి త్వరగా పోతుంది. అంతేకాక పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది డి2 విటమిన్‌గా మారుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ పడాల్సింది ఆ రేకుల మీదే. పలచటి బట్ట కూడా కొంత ఎండను ఆపుతుంది కాబట్టి మీరు దగ్గరే ఉండి ఈగలు వాలకుండా చూడగలిగితే మధ్యాహ్నం ఒక గంటసేపు బట్ట తీసేయండి.

రాత్రి మాత్రం బయట ఉంచవద్దు. పగలంతా పోయిన తడి మంచుకు మళ్లీ వచ్చి చేరుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉన్నవారికి ఎండ ఒక్కటే చాలదు, గాలిలోనే నీరు ఉంటుంది. ముప్పాతిక వంతు ఎండలో ఎండనిచ్చి, చివరి బిగువు కోసం అవెన్‌లో 60 డిగ్రీల దగ్గర, తలుపు కాస్త తెరిచి ఉంచి ఎండించండి. అవెన్ లేకపోతే మందపాటి మూకుడులో బాగా సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే సరిపోతుంది. మొదటి నుంచే పెద్ద సెగ పెడితే ముక్క ఎండదు, ఉడుకుతుంది. పైన గట్టి పొర కట్టి లోపలి నీరు బయటికి రాదు.

ఎండిన ముక్కలను మూత ఉన్న గిన్నెలో చల్లారనివ్వండి. తెరిచి వదిలేస్తే గంటలోనే గాలిలోని తేమ పీల్చుకుని మళ్లీ వంగుతాయి. చల్లారగానే మిక్సీ పట్టాలి, రేపటికి వాయిదా వేయకూడదు. చిన్న జారు తీసుకోండి, సగానికి మించి నింపకండి. ఏడెనిమిది సెకన్లు తిప్పడం, ఆపడం, జారును ఒకసారి కుదపడం, మళ్లీ తిప్పడం. పొడి అయ్యాక వెంటనే మూత తీయకండి. పుట్టగొడుగుల పొడి చాలా తేలిక, పొగలా లేస్తుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉబ్బసం ఉన్నవారు ఈ పని చేయకపోవడమే మేలు, మిగిలినవారు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రెండు మూడు నిమిషాలు ఆగితే ధూళి అణుగుతుంది. సన్న జల్లెడలో జల్లించి, మిగిలిన పలుకులను మళ్లీ తిప్పండి. అప్పటికీ నలగని కాడ ముక్కలు చారులో వేసుకోవచ్చు, పారేయనక్కరలేదు.

ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. రుచి కోసం. జపాన్‌లో కికునాయె ఇకెడా అనే శాస్త్రవేత్త సముద్రపు నాచుతో కాచిన చారులోని రుచికి మూలం గ్లుటమేట్ అనే పదార్థమని 1908లో తేల్చారు. 1957లో అక్కడి మరో శాస్త్రవేత్త అకిరా కునినాకా ఎండు షిటాకే పుట్టగొడుగుల రుచికి గ్వానిలేట్ అనే మరో పదార్థం కారణమని గుర్తించారు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి రెట్టింపు కాదు, అంతకు ఎన్నో రెట్లవుతుంది. మన పండిన టమాటాలో గ్లుటమేట్ పుష్కలంగా ఉంది. అందుకే నలుగురికి సరిపడే టమాటా పప్పులో ఒక చెంచా పుట్టగొడుగుల పొడి వేసి ఉడికిస్తే ఆ పప్పుకు వచ్చే నిండుతనం వేరు. షిటాకే అంత ఘనంగా మన రకాలు ఉండవు కానీ తేడా నాలుకకు తెలుస్తుంది. పులుసులోనూ కుర్మాలోనూ ఇంతే. తాలింపులో మాత్రం వేయకండి, మాడి చేదెక్కుతుంది. నీరు ఉన్న దశలో వేసి అయిదు నిమిషాలైనా ఉడకనివ్వండి.

ఇక మసాలా దినుసులు. మిరపకాయలు కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, ఘాటు అడుగుతాం. గుంటూరులో తేజ రకానికి ఘాటు ఎక్కువ, వరంగల్ చపాటకు రంగు ఎక్కువ, ఘాటు బాగా తక్కువ. రెండూ కలిపి పట్టించుకునే ఇళ్లు ఉన్నాయి, నాకూ అదే ఇష్టం. కానీ అంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది. ప్రతి బస్తా నుంచీ కొన్ని కాయలు తీసి నిలువునా చీల్చి చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలోనూ గింజల చుట్టూ బూడిద రంగు బూజు ఉండవచ్చు. తడి ఆరకముందే కుప్ప పోసిన కాయకు, రాత్రి మంచులో నేల మీద ఉన్న కాయకు ఈ గతి పడుతుంది. కొన్ని రకాల బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా మరిగించినా పూర్తిగా పోదు. తెల్లబడిన తాలు కాయలను కూడా ఏరి తీసేయండి. తొడిమలు తీసే పనిని తొందరగా ముగించాలని చూడకండి, కాయ కాయనూ చేత్తో పట్టి చూసే అవకాశం మళ్లీ రాదు.

నా పట్టుదలంతా దీని గురించే. పొడి అయ్యాక కంటికి ఏ ఆధారమూ మిగలదు. పుచ్చిన ధనియం, బూజు పట్టిన కాయ, రాతిపువ్వుకు అంటుకున్న ఇసుక అన్నీ పొడిలో ఒకే రంగులో కలిసిపోతాయి. పసుపు పచ్చగా మెరవడానికి లెడ్ క్రోమేట్ కలిపిన ఉదంతాలు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి. అందులో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుకే దుగ్గిరాల కొమ్మయినా నిజామాబాద్ కొమ్మయినా కొమ్ము రూపంలోనే తెచ్చుకుని, విరిచి లోపలి రంగు చూసుకోండి. పసుపు కొమ్మును నేరుగా ఇంటి మిక్సీలో వేయకండి, బ్లేడు దెబ్బతింటుంది. గట్టి బట్టలో మూటకట్టి రోకలితో శనగగింజంత ముక్కలు చేసుకుని అప్పుడు తిప్పండి. ఎక్కువ మోతాదైతే మిల్లే నయం.

మిక్సీ వేడి గురించి కూడా చెప్పాలి. లవంగం, యాలకులు, మిరియాలు, దాల్చినచెక్క వాసన అంతా వాటిలోని తేలికగా ఆవిరైపోయే నూనెల్లోనే ఉంది. మిక్సీ పడుతుండగా ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు సీసాలోకి వెళ్లాల్సిన వాసన బయటికి పోతోందన్నమాట. పెద్ద కర్మాగారాల్లో కొందరు ద్రవ నైట్రోజన్‌తో సరుకును గడ్డకట్టించి మరీ పొడి చేసేది ఈ నష్టం తప్పించుకోవడానికే. మనం ఆగి ఆగి తిప్పితే చాలు. రెండు మూడు చెంచాల మిరియాలకైతే చిన్న రోలే మంచిదని నా అభిప్రాయం. దంపినప్పుడు గింజ నలుగుతుంది తప్ప అంతగా వేడెక్కదు. జాజికాయలో కొవ్వు ఎక్కువ. ఒక్కటే వేస్తే ముద్దలా అంటుకుపోతుంది, వేయించిన ధనియాలతో కలిపి తిప్పండి. యాలకులకు కాస్త చక్కెర తోడిస్తే సరిపోతుంది. మెంతులు బాగా ఎర్రబడే వరకు వేగితేనే సులువుగా నలుగుతాయి. ఒక పొడి తర్వాత ఇంకో పొడికి జారు మార్చలేని వారు గుప్పెడు పొడి బియ్యం వేసి తిప్పండి, పాత వాసన చాలావరకు బియ్యం పట్టుకుపోతుంది.

పట్టిన పొడి ఏదైనా వెచ్చగా ఉంటుంది. పళ్లెంలో పరిచి చల్లార్చి, గాజు సీసాలో పోసి, పొయ్యికి దూరంగా, వెలుతురు పడని చోట పెట్టండి. పసుపు, కారం రంగు వెలుతురుకే వెలిసిపోతుంది. దినుసు దినుసుగా ఉంటే ఏడాది నిలిచే వాసన పొడిగా మారాక రెండు మూడు నెలలకే తగ్గిపోతుంది. అందుకని ఏడాది సరిపడా దినుసులు కొనండి, నెలకు సరిపడానే పొడి చేయండి. సీసా మీద తేదీ రాయండి. పోపు గిన్నె మీది ఆవిరి తగిలేలా సీసాను దాని మీద వంచకండి.

చివరిగా ఒక హెచ్చరిక, దయచేసి శ్రద్ధగా వినండి. వానాకాలంలో పుట్టల మీద మొలిచే కొక్కులు మన పల్లెల్లో తరాలుగా తింటున్నారు, గుర్తుపట్టే పెద్దలు ఉన్న చోట అది వారి విజ్ఞానం. కానీ అడవిలో, తోటలో ఏరిన పుట్టగొడుగులను పొడి చేసి దాచుకోకండి. ప్రాణాంతకమైన కొన్ని రకాల్లోని విషం ఎండబెట్టినా పోదు, ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటల వరకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మధ్యలో కాస్త తగ్గినట్టు కనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అనుమానం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, తిన్న పుట్టగొడుగు మిగిలి ఉంటే వెంట తీసుకెళ్లాలి. పొడి చేసి ఉంటే చూపించి గుర్తుపట్టించే వీలు కూడా ఉండదు. పొడికి పెంపకపు పుట్టగొడుగులే వాడండి.

ఈ బల్ల మీద రెండు పళ్లేలలో ముత్యపు చిప్ప ముక్కలు పెట్టాం. ఒకటి నిన్న సాయంత్రం ఎండలోంచి తీసింది, రెండోది ఈ ఉదయం అవెన్‌లో ఎండించింది. వరుసగా వచ్చి రెండింటినీ విరిచి చూడండి. అందరూ చూశాక రెండో పళ్లెంలోవి ఇక్కడే మిక్సీ పడదాం. ముందు వరుసలో కూర్చున్న పెద్దవారు అప్పుడు కాస్త వెనక్కి జరగండి.