ఎగ్జాస్ట్ ఫ్యాన్ నుంచి నీళ్లు కారుతుంటే పైపును సరిచేసే విధానం

నమస్కారం. చలికాలం ఉదయం వేడినీళ్ల స్నానం ముగిశాక, బాత్రూమ్ పైకప్పులోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ జాలీ నుంచి నీటి చుక్కలు రాలడం అనంతపురంలోని అపార్ట్‌మెంట్లలోనూ కనిపిస్తుంది. పై అంతస్తువారి బాత్రూమ్ లీకవుతోందని అనుకునే ముందు ఒక్క విషయం గమనించండి. చుక్కలు స్నానం తర్వాత మాత్రమే పడి, మధ్యాహ్నానికి ఆగిపోతే అది ఆవిరి నీరు. రోజంతా పడుతుంటే ప్లంబర్‌ను పిలవాలి.

వానలు తక్కువ పడే జిల్లా కాబట్టి ఇక్కడ చెమ్మ ఉండదనుకుంటాం. కానీ ఈ తేమ గీజర్ నీళ్లది. ఆవిరితో నిండిన ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అదే గాలి 15 డిగ్రీలకు చల్లబడితే 13 గ్రాములే నిలుపుకుంటుంది. మిగిలిన నీరు, ఫ్యాన్ నుంచి గాలిని బయటికి తీసుకెళ్లే చల్లని పైపు లోపలి గోడకు పట్టి, వాలు ఎటుంటే అటు పారుతుంది. వాలు ఫ్యాన్ వైపు ఉంటే నీరు మోటారు మీదుగా మన నెత్తిన పడుతుంది. ఫ్యాన్ మార్చినా ఇది ఆగదు.

పని మొదలుపెట్టే ముందు ఎంసీబీ (కరెంటు బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోండి. మోటారులోకి నీరు చేరి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేవరకు స్విచ్ వేయవద్దు.

ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ పలక తీసి లోపలికి చూడండి. కొన్ని ఇళ్లలో పైపు గోడ దాటి బయటికి పోనే పోదు. ఆవిరంతా అక్కడే, కడప బండ పరిచిన అటక కిందనే వదిలేసి ఉంటారు. ఇది అన్నింటికన్నా చెడ్డ పని, ఎందుకంటే తేమ కంటికి కనిపించకుండానే సీలింగును పాడుచేస్తుంది. మరికొన్ని చోట్ల మడతల అల్యూమినియం పైపు ఉయ్యాలలా వేలాడుతూ, ఆ వంపులో నీరు నిలిచి, గాలికి దారి మూసుకుపోయి ఉంటుంది.

ఆ మడతల పైపును తీసేసి, ఫ్యాన్ మూతి వెడల్పుకు సరిపడే గట్టి పీవీసీ పైపును, వీలైనంత తక్కువ పొడవుతో, తక్కువ మలుపులతో బయటి గోడ దాకా తీసుకువెళ్లండి. మీటరుకు సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున బయటి వైపుకు వాలు ఉండాలి; క్లాంపులు బిగించేటప్పుడే రసమట్టంతో (స్పిరిట్ లెవల్) దీన్ని సరిచూసుకోండి. తర్వాత, ఏసీ మెకానిక్కులు రాగి పైపులకు చుట్టే నల్ల ఫోమ్‌ను ఈ పైపు మొత్తానికి సందు లేకుండా చుట్టి, అతుకుల మీద టేపు వేయండి. పైపు గోడ చల్లబడకపోతే ఆవిరి నీరుగా మారడమూ తగ్గుతుంది. బయటి చివర రెక్కమూత (గాలి తోసినప్పుడు తెరుచుకునే మూత) పెట్టి, దాని చుట్టూ సిలికాన్ పూయండి; రెక్క తేలిగ్గా తెరుచుకోవాలి.

ఇంకొకటి. బాత్రూమ్ తలుపు కింద సుమారు ఒక సెంటీమీటరు సందు లేకపోతే లోపలికి గాలి రాదు, గాలి రాకపోతే ఆవిరీ బయటికి పోదు. తలుపు మూసి, ఫ్యాన్ వేసి, జాలీకి ఒక టిష్యూ కాగితం ఆనించండి. అది అతుక్కుని నిలవాలి, జారిపోతే దారి ఎక్కడో మూసుకుపోయిందని అర్థం.

స్నానం తర్వాత ఫ్యాన్‌ను మరో పదిహేను ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. మరుసటి ఉదయం బయటి చివర నుంచి ఒకటి రెండు చుక్కలు పడితే కంగారు పడనవసరం లేదు. జాలీ దగ్గర మళ్లీ తడి కనిపిస్తే మాత్రం, ఫ్యాన్ మూతికి పైపు కలిసే అతుకు దగ్గర ఫోమ్ తెరుచుకుందేమో మొదట చూడండి.