సాయంత్రం ఆరున్నర దాటాక: ఇంగ్లండ్ జీపీ అదనపు వేళల సేవను తనిఖీ చేయడం

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీల, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్కుల, కాంట్రాక్టు వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30. ఆ తర్వాత రాత్రి 8 వరకూ, శనివారం 9 నుంచి 5 వరకూ నడిచే సేవ గురించే ఇవాళ మాట్లాడుకుంటున్నాం. 2022 అక్టోబరు 1 నుంచి ఈ బాధ్యత ప్రైమరీ కేర్ నెట్‌వర్కులది, అంటే దగ్గరదగ్గరి సర్జరీలు కలిసి ఏర్పడ్డ బృందాలది. ఆరోగ్య అవసరాలను బట్టి సర్దుబాటు చేసిన జనాభా లెక్కన ప్రతి వెయ్యి మందికీ వారానికి 60 నిమిషాల అపాయింట్‌మెంట్లు కేటాయించాలి. నాణ్యతను చూసేది 2009లో మొదలైన కేర్ క్వాలిటీ కమిషన్, అదే సీక్యూసీ. సేవ సురక్షితమా, వైద్యం ఫలిస్తోందా, రోగిని ఆదరంగా చూస్తున్నారా, అవసరానికి అందుతోందా, నిర్వహణ గట్టిగా ఉందా అన్నవి దాని ఐదు ప్రశ్నలు.

పగటి సర్జరీకీ ఇవే ప్రశ్నలు. అయితే సాయంత్రం హబ్‌లో, అంటే పలు సర్జరీల రోగులను ఒకేచోట చూసే కేంద్రంలో, భవనం ఒక సర్జరీది, డాక్టరు మరో సర్జరీ నుంచి వచ్చినవారు, రోగి నమోదైంది ఇంకో చోట. కన్సల్టేషన్ గదిలో జరిగే పొరపాట్ల కన్నా ఈ మూడు చోట్ల మధ్య జారిపోయేవే ఎక్కువ ప్రమాదం. కాబట్టి తనిఖీని పాలసీ ఫైలుతో కాదు, రిఫరల్స్‌తో, అంటే రోగిని ఆసుపత్రికి పంపే లేఖలతో, మొదలుపెట్టండి.

శుక్రవారం రాత్రి 7.20కి రొమ్ములో గడ్డతో ఒకామె వచ్చారనుకుందాం. డాక్టరు పరీక్షించి, క్యాన్సర్ అనుమానమని నమోదు చేశారు. అర్జెంటు రిఫరల్ ఎవరు పంపాలి? కొన్ని హబ్‌లలో ఆ డాక్టరే పంపుతారు. కొన్నింట్లో ఆమె సొంత సర్జరీకి కంప్యూటర్లో టాస్క్ వేసి వదిలేస్తారు. శని, ఆదివారాలు దాన్ని తెరిచేవారుండరు. సోమవారం పొద్దున అది పెద్ద జాబితాలో ఒక వరుస. దాన్ని సెలవులో ఉన్న డాక్టరు పేరుమీద వేసి ఉంటే ఇంకా వెనక్కి పోతుంది. అందుకే గత మూడు నెలల అర్జెంటు రిఫరల్స్ జాబితా అడగండి. చూసిన తేదీ, పంపిన తేదీ, ఆసుపత్రికి అందినట్టు ఆధారం, రోగి అపాయింట్‌మెంటుకు వెళ్లారా లేదా: ప్రతి పేరు ఎదురుగా ఈ నాలుగూ ఉండాలి. జాబితాయే లేదంటే రిపోర్టులో మొదట రాయాల్సింది అదే. రక్తపరీక్షలకూ ఇదే ప్రశ్న వేయండి. పరీక్ష రాసిన లోకమ్ (తాత్కాలిక డాక్టరు) వెళ్లిపోయాక రిజల్టు ఎవరి ఇన్‌బాక్సులో పడుతోంది?

తర్వాత రికార్డులు. రోగి రికార్డులకు ఒక సర్జరీ ఎమిస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంది, పక్కది సిస్టమ్‌వన్. డాక్టరుకు పూర్తి రికార్డు కనిపిస్తోందా, సారాంశమేనా? మాటల్లో కాదు, తెరమీద చూపించమనండి. ముఖ్యంగా అలర్జీలు, ఇంకా లిథియం, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ వంటి మందులు. ఇటీవలి రక్తపరీక్షలు కనిపించకుండా ఇలాంటి మందులు రాసిస్తుంటే అది సురక్షిత వైద్యం గురించిన 12వ రెగ్యులేషన్ కిందికి వచ్చే విషయం.

జ్వరంతో వచ్చిన చిన్నపిల్లల నోట్సు కొన్ని తీసి చదవండి. ఉష్ణోగ్రత, గుండె వేగం, శ్వాస వేగం, క్యాపిలరీ రీఫిల్ సమయం (చర్మాన్ని నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి పట్టే సమయం) నాలుగూ రాశారా? పరిస్థితి ముదిరితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో తల్లిదండ్రులకు చెప్పినట్టు ఉందా? "సలహా ఇచ్చాం" అన్న రెండు మాటలు చాలవు.

అత్యవసర మందుల పెట్టెను మీరు వెతకొద్దు. సాయంత్రం రిసెప్షనిస్టునే తెమ్మని, గడియారం చూడండి. ఆ పెట్టె ఉన్న గదికి పగటి సిబ్బంది తాళం వేసుకుని వెళ్లిపోయే అవకాశం ఉంది కదా. తీవ్రమైన అలర్జీకి అడ్రినలిన్, మెనింజైటిస్ అనుమానానికి బెంజైల్‌పెన్సిలిన్, గుండెనొప్పికి ఆస్పిరిన్, జీటీఎన్ స్ప్రే వగైరా గడువు తేదీలు చూడండి. సీక్యూసీ సూచించే మందుల్లో ఏదైనా లేకపోవడం దానంతటదే తప్పు కాదు. ఎందుకు పెట్టలేదో రాతలో రిస్క్ అసెస్‌మెంటు లేకపోవడం తప్పు. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ప్యాడ్లు, ఆక్సిజన్ సిలిండర్ గేజ్, పిల్లల పల్స్ ఆక్సీమీటర్ ప్రోబ్ కూడా చూడాలి.

టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసి, థర్మామీటరును రీసెట్ చేయాలి. చేయకపోతే ఎప్పటిదో గరిష్ఠమే రోజూ కనిపిస్తుంది, కొత్తగా పెరిగింది తెలియదు. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే అంకెతో నిండిన లాగ్ షీటును చూసి మురిసిపోకండి. శనివారాల గడులు చూడండి: హబ్ తెరిచే ఉంటుంది, ఫ్రిజ్ రాసే మనిషి ఉండరు.

సిబ్బంది ఫైళ్ల దగ్గర తరచూ వినిపించే మాట, "ఆ కాగితాలు వాళ్ల సొంత సర్జరీలో ఉన్నాయి." ఉండొచ్చు. డీబీఎస్ (నేర చరిత్ర తనిఖీ), రిజిస్ట్రేషన్, ఇండెమ్నిటీ (వైద్య పొరపాట్లకు బీమా వంటి రక్షణ), సేఫ్‌గార్డింగ్ (పిల్లలు, నిస్సహాయుల రక్షణ) శిక్షణ సరిచూసినట్టు ఈ సంస్థ దగ్గరా ఆధారం ఉండాలి. నర్సు తన సర్జరీలో సంతకం చేసిన పీజీడీ (ఒక్కొక్కరికీ ప్రిస్క్రిప్షన్ లేకుండా మందు ఇవ్వడానికి రాతపూర్వక అనుమతి) ఇక్కడ టీకా వేయడానికి దానంతటదే వర్తించదు. దీన్ని చాలామంది పట్టించుకోరు.

ఫిర్యాదులు, సంఘటనల రిజిస్టరు త్వరగానే చూసేయొచ్చు. అందులో ఒక్కటే అడగండి: హబ్‌లో జరిగిన పొరపాటు రోగి సొంత సర్జరీకి తెలిసిందా?

ఇవన్నీ పగలు పదకొండింటికి వెళ్తే కనిపించవు. కనీసం ఒక సాయంత్రం పూర్తిగా అక్కడే కూర్చోండి. ముసాయిదా రిపోర్టు అందాక వాస్తవాల్లో తప్పులు చూపడానికి సంస్థకు 10 పనిదినాలు ఉంటాయి. కాబట్టి ప్రతి లోపం పక్కనా తేదీ, సమయం, చూసిన కాగితం పేరు అప్పటికప్పుడే రాసుకోండి.